కువైట్ లెక్క... కాకాని లెక్క

పెదకాకానిలో కూచుని కువైట్ యుద్ధం గురించి రాయడమేమిటని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మనకి అటు గుంటూరు, ఇటు విజయవాడ, మధ్యలో హైవే. ఆదివారం వచ్చిందంటే మల్లేశ్వరస్వామి గుడి దగ్గర జనం, బాజీబాబా దర్గా దగ్గర జనం. కువైట్ కబుర్లు కావాలంటే కడప జిల్లాకో కోనసీమకో పోవాలిగానీ, పత్తీ మిర్చీ వేసుకునే ఈ నల్లరేగడిలో ఏం దొరుకుతాయి?

దొరుకుతాయి. ఆ యుద్ధం ఖర్చులో కొంత మన పొలాల దాకా వచ్చింది. అంతకంటే ముఖ్యంగా, ఆ యుద్ధం ముగిశాక జరిగిన ఒక లెక్కల పని మన కౌలు రైతుకి పనికొచ్చేలా ఉంది. ఆ సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఓపిక పట్టండి.

1990 మే 9న పెద్ద తుపాను మన జిల్లానూ, పక్కనున్న కృష్ణా జిల్లానూ ఊడ్చిపెట్టింది. ఎగిరిపోయిన రేకులు మళ్లీ వేయించుకునే పనిలో ఉండగానే ఆగస్టు వచ్చింది. ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఇరాన్‌తో ఎనిమిదేళ్లు కొట్లాడి అప్పులపాలైన దేశం ఇరాక్. పక్కనున్న చిన్న దేశం తనకిచ్చిన అప్పు వదులుకోవడం లేదనీ, చమురు ఎక్కువ తోడి ధర పడగొడుతోందనీ సద్దాం హుస్సేన్‌కి కోపం. రెండు రోజుల్లో కువైట్ ఆయన చేతికి చిక్కింది. నెల తిరక్కుండానే అది తమ పంతొమ్మిదో రాష్ట్రమని ప్రకటించుకున్నాడు.

ఐక్యరాజ్యసమితి భద్రతామండలి దాడి జరిగిన రోజే వెనక్కి పొమ్మంది. నాలుగు రోజులకి ఆంక్షలు విధించింది. 1991 జనవరి 15 లోపు ఖాళీ చేయకపోతే బలప్రయోగం తప్పదని నవంబరు 29న గడువు పెట్టింది. అమెరికా ముందు నడవగా ముప్పైకి పైగా దేశాలు జట్టు కట్టాయి. జనవరి 17న విమానాలు బాంబులు వేయడం మొదలుపెట్టాయి. ఫిబ్రవరి 24న నేల మీద పోరు మొదలై వంద గంటల్లో అయిపోయింది. 28న కాల్పులు ఆగాయి. లెక్కేసుకుంటే ఏడు నెలలు. కువైట్ మళ్లీ కువైట్ అయింది.

మన దేశంలో చాలామందికి ఆ యుద్ధం టీవీలో చూసిన బాణసంచాలాగే గుర్తుంది. స్కడ్, పేట్రియాట్ అనే మాటలు పిల్లల ఆటల్లోకి వచ్చేశాయి. సినిమాలా సాగింది, సినిమాలా అయిపోయింది అనుకున్నాం. అసలు కథ ఆ తెర బయట ఉంది.

ఆక్రమణ నాటికి కువైట్‌లో దాదాపు లక్షా 70 వేల మంది భారతీయులున్నారు. కేరళవాళ్లు ఎక్కువ. మనవాళ్లంటే కడప జిల్లా రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు. డ్రైవర్లు, వంటవాళ్లు, తాపీ మేస్త్రీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. పొలం తాకట్టు పెట్టో, మెడలో పుస్తెలతాడు అమ్మో వీసాకి డబ్బు కట్టి వెళ్లినవాళ్లే ఎక్కువమంది.

ఒక్క రాత్రిలో జీతం ఆగిపోయింది. చాలామంది పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది, యజమానేమో సరిహద్దు దాటి సౌదీ వెళ్లిపోయాడు. దాచుకున్న దినార్లయినా అక్కరకొస్తాయా అంటే అదీ లేదు. ఇరాక్‌వాళ్లు కువైట్ దినారుని ముందు తమ దినారుతో సమానం చేశారు, తర్వాత అసలు చెల్లదన్నారు. పదేళ్ల చెమట చిత్తుకాగితమైంది.

ప్రాణాలతో బయటపడే దారి ఒకటే. బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారిలో బస్సుల్లో పోయి జోర్డాన్ చేరడం. సరిహద్దులో గుడారాలు, మంచినీళ్ల కోసం వరసలు. మన విదేశాంగ మంత్రి ఐ.కె.గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంని కావలించుకున్నారని అప్పట్లో ప్రపంచమంతా విమర్శించింది. కానీ జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి మన విమానాలు జనాన్ని చేరవేయడం మాత్రం ఆగలేదు. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా ఎయిరిండియా 488 సార్లు తిరిగి, 1,11,711 మందిని బొంబాయి చేర్చింది. అంతమందిని అలా తరలించిన పౌర విమాన సంస్థ మరొకటి లేదని గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. 2016లో దీని మీద ‘ఎయిర్‌లిఫ్ట్’ అని హిందీ సినిమా కూడా వచ్చింది.

సినిమా బొంబాయి విమానాశ్రయం దగ్గర ఆగిపోతుంది. చేతిసంచితో రైలెక్కి ఊరొచ్చిన మనిషి గుమ్మం దగ్గర వడ్డీవ్యాపారి ఎదురుచూస్తుంటాడు. అక్కడి నుంచి ఏమైందన్నది మనకి ఎవరూ చెప్పరు.

ఇక మన గడప దాకా వచ్చిన ఖర్చు సంగతి. 1990 జులైలో పీపా 17 డాలర్ల దగ్గరున్న ముడిచమురు అక్టోబరుకి రెట్టింపు దాటింది. గల్ఫ్ నుంచి వచ్చే మనియార్డర్లు ఆగాయి. దేశం అప్పటికే అప్పుల్లో ఉంది, కాబట్టి తప్పంతా యుద్ధానిదే అనలేం. కానీ వంగిన దూలం మీద పడ్డ ఆఖరి బరువు మాత్రం ఇదే. 1991 జనవరి నాటికి మన దగ్గరున్న విదేశీ ద్రవ్యం మూడు వారాల దిగుమతులకి సరిపోయేంత. మే నెలలో 20 టన్నుల బంగారం, జులైలో మరో 47 టన్నుల దాకా విదేశాలకి తరలించి డాలర్లు తెచ్చుకున్నాం. ఆ రోజుల్లో కేంద్ర ఆర్థికశాఖలో ఈ విదేశీ చెల్లింపుల తలనొప్పి మోసిన అధికారుల్లో వై.వి.రెడ్డి ఒకరు. తర్వాత రిజర్వ్ బ్యాంకు గవర్నరయ్యారు. ఆయనదీ కడప జిల్లాయే. పుస్తెలతాడు అమ్మి కువైట్ వెళ్లినవాళ్ల జిల్లా మనిషే దేశం నగలు తాకట్టు పెట్టే పనిలో ఉండటం చూస్తే, కాలానికి వెటకారం ఎక్కువేననిపిస్తుంది.

జూన్‌లో మన పి.వి. ప్రధాని అయ్యారు. జులై మొదటి వారంలో రూపాయి విలువ రెండు విడతలుగా తగ్గించారు. జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్‌లో ఎరువుల ధర ఏకంగా 40 శాతం పెంచారు. జులై ఆఖరంటే మనకి పత్తి చేలో పని ముమ్మరంగా ఉండే రోజులు. గోల జరిగాక పెంపు 30 శాతానికి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులకి మినహాయింపు ఇచ్చారు. సంతోషమే. మరి నేను చిన్న రైతునని చూపించాలంటే? భూమి కాగితం ఉండాలి. సొంత సెంటు లేకుండా నాలుగెకరాలు కౌలుకి చేసేవాడు చిన్న రైతో పెద్ద రైతో ఏ కాగితం చెబుతుంది? ఈ కాగితం గొడవ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. యుద్ధం ముగిశాక 1991 ఏప్రిల్ 3న భద్రతామండలి ఒక తీర్మానం చేసింది. అప్పుడు మండలిలో సభ్యదేశంగా ఉన్న మనం కూడా దానికి ఓటేశాం. ఆక్రమణ వల్ల నష్టపోయినవాళ్లందరికీ ఇరాక్ చమురు డబ్బుతో పరిహారం కట్టించాలని అందులో ఉంది. ఆ పనికి జెనీవాలో పరిహార కమిషన్ ఒకటి వెలిసింది. మొత్తం 27 లక్షల దాకా దరఖాస్తులు వచ్చాయి. దేశాలు అడిగాయి, చమురు కంపెనీలు అడిగాయి, బ్యాంకులు అడిగాయి, ఇల్లు కాలినవాడు అడిగాడు, ఉద్యోగం పోయినవాడు అడిగాడు. అందరూ కలిపి అడిగింది 35 వేల కోట్ల డాలర్ల పైమాటే.

మామూలుగా ఇలాంటి చోట ఏం జరుగుతుందో మనకి తెలుసు. పెద్ద లాయర్లున్న కంపెనీ ముందు వరసలో నిలబడుతుంది. ఇంటిపని చేసిన అమ్మాయి ఆఖర్న ఉంటుంది. ఆమె వంతు వచ్చేసరికి డబ్బయినా అయిపోతుంది, ఆమె అయినా అయిపోతుంది.

జెనీవాలో వరస తిరగేశారు. దరఖాస్తుల్ని ఆరు తరగతులు చేశారు. మొదటి మూడూ మామూలు మనుషులవి. కంపెనీలూ ప్రభుత్వాలూ ఆఖరు రెండిటిలో. ముందు మనుషుల లెక్క తేల్చాలి, తర్వాతే కంపెనీలు అన్నారు.

మొదటి తరగతి నియమం ఇంకా బాగుంది. 1990 ఆగస్టు 2కీ 1991 మార్చి 2కీ మధ్య ఇరాక్ నుంచో కువైట్ నుంచో వెళ్లిపోవాల్సి వచ్చిన ప్రతి మనిషికీ 2,500 డాలర్లు, కుటుంబానికైతే 5,000 డాలర్లు. మరే తరగతిలోనూ పరిహారం అడగనని ఒప్పుకుంటే 4,000, కుటుంబానికి 8,000. ఎంత పోయిందో చూపించక్కర్లేదు. రసీదులు అక్కర్లేదు. టీవీ ఎంతకి కొన్నావు, ఫ్రిజ్ ఎప్పుడు కొన్నావు అనే ప్రశ్నల్లేవు. నువ్వు అక్కడ ఉన్నావు, ఆ రోజుల్లో వచ్చేశావు అని రుజువైతే చాలు.

ఒక్క ఈ తరగతిలోనే తొమ్మిది లక్షల పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కొక్కటీ కూచుని చదివితే వందేళ్లు పడుతుంది. అందుకని ప్రభుత్వాలూ సంస్థలూ ఇచ్చిన ప్రయాణాల జాబితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, దరఖాస్తులతో పోల్చి చూశారు. పోలనివాటికి నమూనా లెక్కలు వాడారు. ఇలా చేస్తే కొందరు దొంగలు కూడా దూరతారేమో అన్న అనుమానం వాళ్లకీ ఉంది. పదిమంది దొంగల్ని ఆపడానికి లక్షమందిని పదేళ్లు నిలబెట్టడం కన్నా ఇదే మేలనుకున్నారు.

మన దేశం నుంచి ప్రభుత్వమే దరఖాస్తులు పోగుచేసి పంపింది. డాలరు 36 రూపాయల దగ్గరున్న 1997 లెక్కన 2,500 డాలర్లంటే 90 వేల రూపాయలు. పోయిందంతా వచ్చినట్టు కాదు. పదేళ్ల కష్టానికి అది సరిరాదు. కానీ అప్పు ఇచ్చినవాడి ముందు తలెత్తి నిలబడటానికి ఆ రోజుల్లో 90 వేలు చిన్న మొత్తమేమీ కాదు.

దీన్ని స్వర్గంలా చూపించడం నా ఉద్దేశం కాదు. ఆ డబ్బు వచ్చింది ఇరాక్ చమురు నుంచి. ఆంక్షల వల్ల ఇరాక్ చమురు అమ్మకం చాలాకాలం ఆగిపోయింది. 1996 డిసెంబరులో ఆహారం, మందుల కోసం మళ్లీ అమ్ముకోనిచ్చినప్పుడు, వచ్చిన ప్రతి వంద డాలర్లలో 30 ఈ పరిహారానికే పోయాయి. సద్దాం చేసిన పనికి సద్దాం పస్తుండలేదు, బాగ్దాద్‌లో పాలడబ్బా దొరకని తల్లి బిడ్డ పస్తుంది. ఒక పేదవాడి నష్టం ఇంకో పేదవాడి కంచం లోంచి తీర్చారన్న మాట. తర్వాత ఆ వాటా 25కీ, 2003లో 5కీ, చివరికి 3కీ తగ్గింది. దరఖాస్తు సంగతే తెలియనివాళ్లు, గడువు దాటినవాళ్లు వరసలోకే రాలేదు. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే. అయినా చిన్నవాడికి ముందు, కొద్ది రుజువుతో, ఒకే మొత్తం అన్న ఆ మూడు మాటలూ మాత్రం దాచిపెట్టుకోదగ్గవి.

ఎందుకంటారా? మన పొలాల్లోకి రండి.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వరి పడిపోయింది, మిర్చి చేలు నీళ్లలో నానిపోయాయి. ఆ తర్వాత ఒకరోజు టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన కలిశాడు. కౌలుకి మూడెకరాల మిర్చి వేశాడు.

“నష్టం రాయించుకున్నావా బాబాయ్?” అన్నాను.

“ఏందబ్బాయ్ రాయించుకునేది? పొలం ఆయనది హైదరాబాదులో ఉండె. కాగితం ఆయన పేరున ఉండె. ఫోన్ చేస్తే, నీకు రాసిస్తే రేపు పొలం నాదంటావేమో అన్నాడు.”

“మరి కౌలు?”

“అది ఉగాదికే కట్టా. డబ్బుకి కాగితం అడగలా ఆయన.” టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు. “నేను చేలో ఉన్నానని చేనుకి తెలుసు, పురుగుమందుల కొట్టాయనకి తెలుసు. ఆఫీసుకే తెలవదు.”

ఆయన మాట ఇక్కడ కొత్త కాదు. 1990 దశకం చివర పత్తి పోయి పురుగుమందు తాగిన రైతుల్లో కౌలుదార్లు ఎందరో ఉన్నారు. 2004లో రాష్ట్ర ప్రభుత్వం జయతీ ఘోష్ అధ్యక్షతన వేసిన రైతు సంక్షేమ కమిషన్ కూడా కౌలుదార్లని గుర్తించి నమోదు చేయాలని చెప్పింది. 2011లో కౌలుదార్లకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చి, పదకొండు నెలల కార్డు ఇస్తామంది. బాగానే ఉంది కానీ దానికి భూయజమాని సంతకం కావాలంది. తాళం తయారుచేసి, తాళంచెవి మాత్రం అవతలివాడి జేబులో వేసినట్టుంది.

యజమాని భయం కూడా ఊరికే పుట్టింది కాదు. 1956 నాటి కౌలుదారీ చట్టం పేరు చెబితే ఇప్పటికీ ఉలిక్కిపడే కుటుంబాలున్నాయి. కౌలుదారు పేరు కాగితం మీదికెక్కితే పొలం చేజారుతుందన్న దిగులు తాతల నాటిది. ఇప్పుడు అమరావతి పుణ్యమా అని మన చుట్టుపక్కల సెంటు ధర చూస్తే ఆ దిగులు ఇంకా పెరగడంలో వింత లేదు.

సరిగ్గా ఇక్కడే జెనీవా లెక్క పనికొస్తుంది. నువ్వు కువైట్‌లో ఉన్నావని ఒప్పుకుని 2,500 డాలర్లు ఇచ్చారు, అంతమాత్రాన కువైట్‌లో ఎవరికీ ఇల్లు రాసివ్వలేదు. అక్కడ ఉండటం వేరు, అది నీ సొత్తవడం వేరు. ఈ రెండిటినీ విడదీశారు కాబట్టే పని జరిగింది. మనం ఆ రెండిటినీ ముడేసి కూచున్నాం. చేలో ఎవరున్నారో రాయాలంటే చేను ఎవరిదో తేలాలంటున్నాం.

పరిహారానికి మాత్రం ఆ ముడి విప్పేయొచ్చు. ఫలానా సర్వే నంబరులో ఫలానా పైరు ఈ ఏడాది ఎవరు వేశారన్నదే రాయాలి. భూమి హక్కుకి దీనితో సంబంధం లేదని అందులోనే అచ్చు వేయాలి. యజమాని సంతకం బదులు చుట్టుపక్కల పొలాలవాళ్లు ఇద్దరి సాక్ష్యం చాలనాలి. పంట పోయినప్పుడు ఎకరాకింత అని ఒకటే మొత్తం, సాగుచేసినవాడి ఖాతాలోకి. పెట్టుబడి ఎంత, రసీదేదీ అన్న ప్రశ్నలొద్దు. పురుగుమందు అప్పుకి తెచ్చుకున్నవాడి దగ్గర రసీదెక్కడుంటుంది?

దొంగ పేర్లు దూరవా అంటారు. కొన్ని దూరతాయి. ఇప్పుడు దూరడం లేదా? చేనే చూడని ఖాతాలో పంట పరిహారం పడటాన్ని ఏమంటారు? జెనీవావాళ్లు 1990లలోని కంప్యూటర్లతో తొమ్మిది లక్షల పేర్లు పోల్చి చూశారు. మన దగ్గర ఊరూరా ఈ-పంట నమోదుంది, చేలో నిలబెట్టి ఫొటో తీసే ఫోనుంది, ఆధార్ ఉంది. వాళ్లకి ఎడారి దాటినవాడి ఆచూకీ దొరికింది. మనకి రోజూ కళ్ల ముందు గట్టు మీద కనబడేవాడి ఆచూకీ దొరకడం లేదంటే నమ్మేదెట్లా?

గల్ఫ్ వెళ్లేవాళ్లకి కూడా ఒక మాట. యుద్ధం చెప్పి రాదు. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం కాగితాల నకళ్లు ఒక జత ఇంట్లో ఉంచి వెళ్లండి. ఫోనులో ఫొటోలు తీసి ఇంట్లోవాళ్లకి పంపండి. ప్రభుత్వ అనుమతితో వెళ్లే కార్మికులకి ప్రవాసీ భారతీయ బీమా ఉంది, ఏజెంటు కట్టానంటే పాలసీ కాగితం అడిగి చూసుకోండి. 1990లో వచ్చేసినవాళ్లలో పేరు ఏదో ఒక జాబితాలో ఉన్నవాడి పనే సులువుగా అయింది.

కువైట్ లెక్క ఎప్పుడు మూసేశారో చెప్పి ముగిస్తాను. కమిషన్ మొత్తం 5,240 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఇరాక్ ఆఖరి కిస్తీ కట్టింది 2022 జనవరిలో. ఏడు నెలల ఆక్రమణ అప్పు తీరడానికి ముప్పై ఏళ్లు దాటింది. ఆ ఆఖరి కిస్తీ ఎవరికి వెళ్లిందో తెలుసా? కువైట్ పెట్రోలియం కార్పొరేషన్‌కి. అన్నిటికంటే పెద్ద పరిహారం ఆ చమురు కంపెనీదే, 1,470 కోట్ల డాలర్లు. ఇంటిపని చేసిన అమ్మాయి, తాపీ మేస్త్రీ, డ్రైవరూ తమ డబ్బు తీసుకుని వెళ్లిపోయాక, దేశంలో అందరికన్నా పెద్ద కంపెనీ ఇరవై ఏళ్లకి పైగా వరసలో నిలబడింది. పెద్దవాడు ఆగగలడు కాబట్టి ఆపారు. మూడెకరాల మిర్చి పోయినవాడు వచ్చే ఉగాది దాకా కూడా ఆగలేడు.